కాన్పు గదిలో ఎవరుండాలి?

న్యూఢిల్లీ: కేంద్ర ఆరోగ్యశాఖ తన విజయాలను ఏకరువు పెట్టినప్పుడల్లా అందులో తప్పక చోటు దక్కే అంశం ఒకటున్నది. ఈ దేశంలో ఇంటి దగ్గర పురుడు పోసుకునే ఆనవాయితీ దాదాపు అంతరించి, ఆసుపత్రి కాన్పు సర్వసాధారణమైపోయింది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి నూటికి 39 కాన్పులు మాత్రమే ఆసుపత్రులలో జరిగేవి. 2019-21 సర్వే నాటికి ఆ సంఖ్య 89కి చేరింది. 2004-06 మధ్య లక్ష సజీవ జననాలకు 254 మంది తల్లులు ప్రాణాలు కోల్పోగా, 2019-21 నాటికి అది 93కి తగ్గింది. ఇది సామాన్యమైన మార్పు కాదు. 2005 ఏప్రిల్‌లో నాటి ప్రభుత్వం జననీ సురక్షా యోజనను ప్రారంభించి, ఆసుపత్రికి వచ్చిన పేద గర్భిణికి నగదు సహాయం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆమెను ఇంటి నుంచి తోడ్కొని వచ్చే బాధ్యతను ఆశ కార్యకర్తకు అప్పగించింది. ఆ తరువాత వచ్చిన ప్రభుత్వాలూ ఆ విధానాన్ని విడిచిపెట్టలేదు. రాజధానిలో అధికార ప్రతిపక్షాలు ఏకీభవించే విషయాలు బహు స్వల్పం. వాటిలో ఇదొకటి.

అయితే మన పల్లెల్లో ఒక సామెత ఉన్నది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏమొచ్చినా పట్టక తప్పదన్నది దాని సారాంశం. కోట్లాది స్త్రీలను ఆసుపత్రి గడపకు రప్పించిన ప్రభుత్వం ఒక విధంగా ఈ జాతికి మంత్రసానితనం ఒప్పుకున్నది. గడప దాటించిన తరువాత ఆ స్త్రీ పక్కన ఎవరు నిలబడతారు? నొప్పులు మొదలైనది లగాయతు బిడ్డ బయటపడేదాకా, ఆ మీదట నెత్తురు ఆగేదాకా, కుట్లు మానేదాకా ఆమెను కనిపెట్టి ఉండేవారెవరు? ఈ ప్రశ్నకు ఢిల్లీ దగ్గర నేటికీ సూటి జవాబు లేదు. భవనాలున్నవి, మంచాలున్నవి, అంబులెన్సులున్నవి, పథకాల పేర్లున్నవి. తగిన సంఖ్యలో, తగిన శిక్షణతో, తగిన అధికారంతో నర్సు మాత్రం లేదు. లక్షకు 93 అనే అంకె కాగితం మీద చిన్నదిగా కనిపించవచ్చు. ఏటా రెండుకోట్లకు పైగా కాన్పులు జరిగే దేశంలో ఇరవై వేల మందికి పైగా తల్లుల మరణమని దానికి అర్థం.

మంత్రసాని మాయమైన వైనం

ఈ లోటు నిన్న మొన్న ఏర్పడినది కాదు. స్వాతంత్ర్యానికి ముందు ఏడాది, 1946లో, సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ దేశ ఆరోగ్య పరిస్థితులపై నివేదిక సమర్పించింది. నాటి బ్రిటిష్ ఇండియా మొత్తానికి ఉన్న నర్సులు సుమారు ఏడువేలు, శిక్షణ పొందిన మంత్రసానులు అయిదువేలు. దాదాపు 43 వేల మంది జనాభాకు ఒక నర్సు. పాతికేళ్లలో దీనిని అయిదు వందల మందికి ఒకరి స్థాయికి తేవాలని కమిటీ ఆశించింది. 1947లోనే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. తరువాతి దశాబ్దంలో సహాయక నర్సు-మంత్రసాని, అంటే ఏ.ఎన్.ఎం. అనే కొత్త ఉద్యోగిని గ్రామసీమలలో అడుగుపెట్టింది. ఆమె ఉద్యోగం పేరులోనే మంత్రసాని అన్న మాట ఉన్నది. సంచి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి కాన్పులు చేయడమే ఆమె ప్రధాన విధి.

ఆ తరువాత కథ అడ్డం తిరిగింది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ, మలేరియాకు ఒకరు, మశూచికి ఒకరు, కాన్పులకు ఒకరు అనే పద్ధతి మాని, అన్ని పనులూ చేసే బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలను నియమించాలని సిఫారసు చేసింది. పొదుపు దృష్టితో చూస్తే సబబైన సలహాయే. కాని 1977లో ఏ.ఎన్.ఎం. శిక్షణ కాలాన్ని రెండేళ్ల నుంచి ఏడాదిన్నరకు కుదించారు. టీకాలు, రిజిస్టర్లు, సర్వేలు, అన్నింటికీ మించి కుటుంబ నియంత్రణ లక్ష్యాలు ఆమె నెత్తిన పడ్డాయి. అత్యవసర పరిస్థితి కాలంలో పురుషులకు జరిపిన బలవంతపు ఆపరేషన్లు 1977 ఎన్నికలలో పాలకుల కొంప ముంచాయి. అది చూసి బెదిరిన ప్రభుత్వాలు ఆ తరువాత భారమంతా స్త్రీల వైపు మళ్లించాయి. నెలకు ఇన్ని కేసులు తేవాలన్న లక్ష్యం 1996లో అధికారికంగా రద్దయ్యేదాకా ఆమె జీతభత్యాలనూ బదిలీలనూ శాసించింది. పేరులో మంత్రసాని మిగిలింది, చేతిలో పని జారిపోయింది. చేయి తప్పిన పని మరపున పడడం సహజం.

మరోవంక ఊరి మంత్రసానిని సంస్కరించాలన్న ప్రయత్నం లేడీ కర్జన్ నెలకొల్పిన విక్టోరియా స్కాలర్‌షిప్ నిధి నాటి నుంచీ సాగుతూ వచ్చింది. ఆమె చాలాచోట్ల నిమ్న కులానికి చెందిన పేదరాలు. పురుడు మైలగా ఎంచే సమాజం ఆ మైల పనిని ఆమెకు అంటగట్టి, ఆమె చేతి అనుభవానికి మాత్రం విలువ కట్టలేదు. ఇరవై ఒకటో శతాబ్ది మొదట్లో ప్రభుత్వం ఆ శిక్షణకు స్వస్తి చెప్పి, ఆసుపత్రి కాన్పును ఏకైక మార్గంగా ఎంచుకున్నది. నిర్ణయంలో తప్పు లేదు. నెత్తురు పోతున్న తల్లిని ఊరి మంత్రసాని ఒక్కతే కాపాడలేదు. కాని పాత మంత్రసానిని పంపివేసి, ఏ.ఎన్.ఎం.ను వేరే పనికి మళ్లించి, ఆ స్థానంలో నిలబెట్టవలసిన మనిషిని సిద్ధం చేయకపోవడమే తప్పు. రద్దీ పెరిగాక కళ్లు తెరిచి, ఉన్న నర్సులకూ ఏ.ఎన్.ఎం.లకూ మూడు వారాల శిక్షణ ఇచ్చి కాన్పు గదులకు పంపారు. ఏళ్ల తరబడి అభ్యాసంతో అబ్బే విద్యను మూడు వారాలలో నేర్పడం ఎవరికి సాధ్యం?

చేతులు కడుక్కునే విద్య

రోగి సేవ అంటే ఏమిటో తెలుసుకోవడానికి వైద్యశాస్త్ర చరిత్రలో ఒక ఘట్టాన్ని జ్ఞప్తికి తెచ్చుకోవాలి. 1840లలో వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో రెండు ప్రసవ విభాగాలుండేవి. ఒకదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసాని విద్యార్థినులు శిక్షణ పొందేవారు. విచిత్రమేమంటే వైద్యుల విభాగంలో పురిటి జ్వరంతో మరణించే తల్లులు మంత్రసానుల విభాగంలో కంటె కొన్ని రెట్లు అధికం. ఈ విషయం తెలిసిన స్త్రీలు మొదటి విభాగంలో చేర్చవద్దని ప్రాధేయపడేవారు. శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పు గదికి వచ్చే వైద్యుల చేతులే మృత్యువును మోసుకు వస్తున్నాయని ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ గ్రహించాడు. 1847లో క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కోవాలని ఆంక్ష పెట్టగానే మరణాలు అమాంతం తగ్గిపోయాయి. ఆయన మాట తోటి వైద్యులకు రుచించలేదు. తమ చేతులు మలినమని ఒప్పుకోవడానికి వారి పెద్దరికం అడ్డు వచ్చింది.

ఆ పెద్దరికం వియన్నాతో అంతరించలేదు. 2012 జనవరిలో బీహార్‌లోని అరరియా జిల్లాలో ఒక పాఠశాలలో, రాత్రివేళ, టార్చిలైటు వెలుతురులో, బడి బల్లల మీద 53 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర, వాడకంలో లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో, ఒక్కరోజున కొద్ది గంటల వ్యవధిలో 83 మందికి ఆపరేషన్లు జరిగాయి. పది మందికి పైగా స్త్రీలు మరణించారు. అరరియా ఉదంతంపై దాఖలైన వ్యాజ్యంలో 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఇటువంటి శిబిరాలను మూడేళ్లలో పూర్తిగా ఎత్తివేయాలని ఆదేశించింది. ఆ గడువు ముగిసిన మూడేళ్లకు, 2022 ఆగస్టులో, హైదరాబాదుకు కూతవేటు దూరంలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజునే 34 మందికి అవే ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. నలుగురూ పసిబిడ్డల తల్లులే. ఈసారి బడి బల్లలు లేవు, టార్చిలైటు లేదు. ఆసుపత్రి గోడల మధ్యనే శిబిర మనస్తత్వం నడిచింది.

ఇటువంటి దుర్ఘటన జరిగినప్పుడల్లా మనం శస్త్రవైద్యుని కత్తిని గురించి మాట్లాడతాము. కత్తికి ముందూ వెనుకా జరిగే పనిని గురించి మాట్లాడము. పరికరాన్ని ఒక రోగి నుంచి మరొక రోగికి మార్చే ముందు అది తగినంతసేపు శుద్ధి చేసే ద్రావణంలో నానినదా అని చూడడం, గాజుగుడ్డలు ఎన్ని లోపలికి వెళ్లాయో అన్నీ బయటికి వచ్చాయా అని లెక్కపెట్టడం, ఆపరేషన్ తరువాత నాడినీ రక్తపోటునూ గంట గంటకూ పరీక్షించడం, డ్రెస్సింగు విప్పి గాయం ఎర్రబడిందా, చీము పడుతున్నదా అని గమనించడం, జ్వరం తగిలిన తొలి ఘడియలోనే పసిగట్టి వైద్యునికి కబురంపడం: ఇవన్నీ నర్సు చేతి పనులు. శస్త్రచికిత్స గంటసేపు. సేవ రోజుల తరబడి. గాయం మానేది రెండవదాని వల్ల. ఒక నర్సు చేతిలో అరవై మంది రోగులను పెట్టినప్పుడు ఇందులో ఏ పనీ సక్రమంగా జరగదు. అప్పుడు ఆ లోటును పూడ్చడానికి యాంటిబయాటిక్ మందులను ఎడాపెడా వాడతారు. ఆ మందులకు లొంగని క్రిములు ఆసుపత్రులలోనే తయారవుతున్నాయని మన వైద్యనిపుణులే హెచ్చరిస్తున్నారు.

కాగితం పట్టీ చాలదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సలకు ఒక తనిఖీ పట్టీని రూపొందించి ఎనిమిది నగరాల ఆసుపత్రులలో పరీక్షించింది. అందులో న్యూఢిల్లీ ఒకటి. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కోత పెట్టే ముందు ఒకసారి, రోగిని బయటికి తెచ్చే ముందు ఒకసారి ఆగి, ఈయన ఎవరు, ఏ ఆపరేషన్, ఏ వైపు, సామగ్రి లెక్క సరిపోయిందా అని బిగ్గరగా చదివి సరిచూడాలి. 2009లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, తదనంతర సమస్యలు 11 నుంచి 7కు తగ్గాయి. ఈ పట్టీ చదవవలసినది సాధారణంగా నర్సు. లెక్క కుదరకపోతే ఆగండని ప్రొఫెసరుతో చెప్పవలసినదీ ఆమెయే. ఆ మాట అనగల చనువు, అనిన తరువాత కొలువు నిలుస్తుందన్న భరోసా మన ఆసుపత్రులలో ఎంతమంది నర్సులకున్నది? పట్టీ విలువ ఆ ధైర్యంలోనే ఉన్నది.

కాన్పులకు కూడా అటువంటి పట్టీనే తయారుచేసి, ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాలలో భారీ ఎత్తున పరీక్షించారు. లక్షా యాభై వేలకు మించిన కాన్పులు ఆ పరిశీలన కిందికి వచ్చాయి. 2017లో వెలువడిన ఫలితం ఆలోచింపజేసేది. అనుభవజ్ఞులైన శిక్షకులు వచ్చి నర్సుల పక్కన నిలబడి మెలకువలు చెబుతున్న రోజులలో మంచి పద్ధతుల పాటింపు గణనీయంగా పెరిగింది. రెండు నెలల నాటికి, శిక్షకులు వచ్చిన చోట నూటికి 73 పనులు సక్రమంగా జరగగా, తక్కిన చోట్ల 42 మాత్రమే జరిగాయి. శిక్షకుల రాక ఆగిపోయాక, ఏడాది నాటికి ఆ 73 కాస్తా 62కు దిగింది. తల్లీబిడ్డల మరణాలలో మాత్రం తేడా కనిపించలేదు. దీనిని బట్టి పట్టీ నిరుపయోగమని తీర్మానించడం తొందరపాటు. చేతులు కడుక్కోవాలని నేర్పవచ్చును. కాని రక్తం ఎక్కించే సదుపాయం, పిలిస్తే పలికే వైద్యుడు, చేతిలో నైపుణ్యం, ఆ నైపుణ్యాన్ని నిలబెట్టే పర్యవేక్షణ లేనిచోట ఒక్క కాగితం ప్రాణం పోయలేదు. ఢిల్లీలో ఏ సమస్యకైనా ఒక మార్గదర్శక సూత్రావళి ముద్రించి చేతులు దులుపుకునే అలవాటు ఉన్నవారు ఈ పరిశోధనను శ్రద్ధగా చదవాలి.

కత్తి అందని చోటు, కత్తి ఆగని చోటు

సేవ లోపించిన ఆసుపత్రిలో రెండు విపరీతాలు జరుగుతాయి. కొన్నిచోట్ల అవసరమైన చికిత్స అందదు. కొన్నిచోట్ల అనవసరమైన చికిత్స ఆగదు. సిజేరియన్ లెక్కలు ఈ రెంటికీ దర్పణం. ఆ ఆపరేషన్లు నూటికి పది దాటిన తరువాత దాని వల్ల తల్లుల, శిశువుల మరణాలు మరింత తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్పష్టం చేసింది. 2019-21 సర్వే ప్రకారం దేశంలో సగటు 21.5. బీహార్‌లో 9.7, నాగాలాండ్‌లో 5.2. అక్కడ ఆపరేషన్ అవసరమై కూడా అందక బలవుతున్న తల్లులున్నారనే భావించాలి. అదే సర్వేలో తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలో నూటికి 81 కాన్పులు కత్తితోనే జరిగాయి. ప్రభుత్వాసుపత్రులలో సైతం 44. దేశంలో అగ్రస్థానం అనే మాట విన్నప్పుడల్లా పొంగిపోయే అలవాటున్న మనకు ఇది తలవంపులు తెచ్చే అగ్రస్థానం.

దీనికి కారణం వైద్యుల ధనాశ ఒక్కటే అనడం సత్యదూరం. ముహూర్తం పెట్టించుకుని, ఫలానా నక్షత్రంలో, ఫలానా గడియలో బిడ్డను తీయమని కోరే కుటుంబాలు మన రెండు రాష్ట్రాలలో కొల్లలు. నొప్పులంటే భయం ఉన్నది. ఏదైనా జరిగితే ఆసుపత్రిపై దాడి జరుగుతుందని, కోర్టుకెక్కుతారని వైద్యులలో భయమూ ఉన్నది. వీటన్నిటికంటె లోతైన కారణం మరొకటి ఉన్నది. సహజమైన కాన్పుకు పది, పన్నెండు గంటలు పడుతుంది. తొలిచూలుకు ఇంకా ఎక్కువ. అంతసేపు పక్కన కూర్చుని, నడుము నిమిరి, ధైర్యం చెప్పి, బిడ్డ గుండె చప్పుడు విని, ఇంకా ఆగవచ్చు లేదా ఇక ఆగరాదు అని నిర్ణయించగల మనిషి కావాలి. ఒంటరిగా ఆసుపత్రి నడిపే వైద్యురాలికి అంత వ్యవధి ఉండదు. ఆపరేషన్ ముప్పావుగంట. పక్కన కూర్చునే మనిషి లేనిచోట గడియారమే వైద్యం చేస్తుంది.

ఈ గడియారపు వైద్యానికి మూల్యం చెల్లించేది తల్లి. పొత్తికడుపు మీద గాయం మానేదాకా ఆమె వంగలేదు, లేవలేదు, బిడ్డకు పాలివ్వడానికి ఇబ్బంది. కుట్లు చీము పడితే తిరిగి ఆసుపత్రి పాలు. మలి కాన్పులో మాయ పాత కోత మచ్చను పట్టుకుని ఎదిగితే ప్రాణాపాయం. కూలికి వెళ్లవలసిన స్త్రీకి ఇది ఆరోగ్య సమస్య మాత్రమే కాదు, అప్పుల సమస్య కూడా. మెజారిటీ తల్లులు కడుపు కోత మచ్చతో ఇంటికి వెళ్లే రాష్ట్రంలో గాయం సంరక్షణ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ప్రధాన విధి కావాలి. ఇంటికి వచ్చి గాయం చూసి వెళ్లే నర్సు మాట అటుంచి, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు చూసేవారికే కరువు.

ఇరుగుపొరుగు నేర్పిన పాఠం

ఈ సమస్యను పరిష్కరించడానికి సంపన్న దేశమై ఉండనక్కర లేదని మన పొరుగు దేశాలు రుజువు చేశాయి. శ్రీలంకలో 1926లో కలుతరలో తొలి ఆరోగ్య యూనిట్ వెలిసింది. అప్పటి నుంచి ప్రతి ప్రాంతానికీ ఒక ప్రభుత్వ మంత్రసానిని నియమించి, ఆమెకు శిక్షణ, గౌరవం, పై ఆసుపత్రితో సంబంధం కల్పించారు. దేశం పేదగా ఉన్న దశాబ్దాలలోనే తల్లుల మరణాలు పదే పదే సగానికి సగం పడిపోయాయి. అంతర్యుద్ధం వచ్చినా, ప్రభుత్వాలు మారినా ఆ వ్యవస్థను కూలదోయలేదు. బంగ్లాదేశ్ 2010లో మూడువేల మంది మంత్రసానులను తయారుచేస్తామని ఐక్యరాజ్యసమితిలో మాట ఇచ్చి, 2013లో మూడేళ్ల డిప్లొమా కోర్సును ప్రారంభించింది. నేపాల్‌లో బొడ్డుతాడు గాయానికి క్లోర్‌హెక్సిడిన్ మందు పూస్తే నవజాత శిశు మరణాలు తగ్గుతాయని సర్లాహీ జిల్లాలో జరిగిన పరిశోధన 2006లో వెల్లడించింది. ఆ చౌక మందును గ్రామ ఆరోగ్య స్వచ్ఛంద సేవికల చేత నేపాల్ ఇంటింటికీ చేర్చింది.

మన దేశంలోనే మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు గ్రామ స్త్రీలకు శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గరనే పసికందులకు సంరక్షణ కల్పించారు. నవజాత శిశు మరణాలు నూటికి అరవై వంతుల పైగా తగ్గినట్టు 1999లో ప్రకటించారు. కేంద్రప్రభుత్వం ఆ పద్ధతిని 2011లో ఆశ కార్యకర్తల ద్వారా దేశమంతటికీ విస్తరించింది. ఇటీవల 2023లో వెలువడిన మరొక పరిశోధన ఇంకా విశేషమైనది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాలలో 80 ఆసుపత్రులలో, కాన్పు కాగానే తల్లి కింద కొలత గీతలున్న ఒక ప్లాస్టిక్ పట్టా పరిచారు. పోయిన నెత్తురును కంటితో అంచనా వేయక, కొలిచి తెలుసుకోగానే అక్కడున్న మంత్రసాని వైద్యుని కోసం ఎదురు చూడకుండా గర్భాశయాన్ని మర్దించడం, మందులు, సెలైన్ అన్నీ ఒకేసారి మొదలుపెట్టింది. తీవ్ర రక్తస్రావం, దాని వల్ల కలిగే మరణాల వంటి దుష్ఫలితాలు అరవై శాతం తగ్గాయి. పట్టా ఖరీదు స్వల్పం. అసలు విలువైనది మంత్రసానికి ఇచ్చిన అధికారం.

చట్టం వచ్చింది, తక్కినదో?

ఈ మెలకువ ఢిల్లీకి బొత్తిగా కలగలేదని అనలేము. 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌ల తోడ్పాటుతో ముప్పై మంది నర్సులను ఎంపిక చేసి, కరీంనగర్ ప్రభుత్వాసుపత్రి కేంద్రంగా ఏడాదిన్నర మిడ్‌వైఫరీ శిక్షణ ఇప్పించింది. సిజేరియన్లలో అగ్రస్థానాన ఉన్న రాష్ట్రమే దానికి విరుగుడు వెతకడానికి ముందుకు రావడం మెచ్చదగినది. 2018 డిసెంబరులో కేంద్రం జాతీయ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ప్రకటించి, అదే పద్ధతిని దేశమంతటా అమలు చేయనున్నట్టు తెలిపింది. అంతర్జాతీయ ప్రమాణాలతో శిక్షణ పొందిన మంత్రసాని, తల్లీబిడ్డలకు కావలసిన అత్యవసర సేవలలో నూటికి 87 వంతులు తానే అందించగలదని 2014లోనే నిపుణులు తేల్చారు. 2023 ఆగస్టులో, 1947 నాటి చట్టానికి బదులుగా జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ఆమోదం పొందింది. డెబ్బై ఆరేళ్ల తరువాత మంత్రసాని విద్యకు చట్టం పేరులో చోటు దక్కింది.

వైద్య సంఘాలలో కొందరు దీనిని శంకిస్తున్నారు. కాన్పు ఏ క్షణాన అడ్డం తిరుగుతుందో ఎవరూ చెప్పలేరనీ, మంత్రసాని చేతిలో పెట్టి అనర్థం జరిగితే జవాబుదారీ ఎవరనీ వారి వాదన. కొట్టిపారవేయదగిన వాదన కాదు. అందుకనే మంత్రసాని నడిపే విభాగం ఆపరేషన్ గదికి దూరాన ఊరి చివర ఉండరాదు. ఆసుపత్రి ఆవరణలోనే, పిలిస్తే వైద్యుడు రాగల దూరంలోనే ఉండాలి. ఆమె చేయదగినదేమిటో, ఏ లక్షణం కనిపిస్తే అప్పగించాలో రాతపూర్వకంగా నిర్ణయించాలి. అప్పుడు వైద్యుల పెద్దరికానికి వచ్చే లోటేమీ లేదు. సాధారణ కాన్పుల భారం తగ్గి, నిజంగా ప్రమాదంలో ఉన్న తల్లిపై దృష్టి నిలిపే అవకాశం వారికి కలుగుతుంది. ఇక నేటి పద్ధతిలో జవాబుదారీ ఎవరిదో బిలాస్‌పూర్, ఇబ్రహీంపట్నం కుటుంబాలను అడిగి తెలుసుకోవచ్చు.

అసలు అనుమానం వేరొకటున్నది. చట్టం పుస్తకానికే పరిమితమవుతుందేమోనన్నది ఆ అనుమానం. శిక్షణ పొందిన మంత్రసానికి ప్రత్యేక పదవి, పదోన్నతి సోపానం, జీతం లేకపోతే ఆమె తిరిగి మామూలు వార్డు నర్సు అవుతుంది. ప్రసవ గదిలో చేయి తిరిగినవారిని ఏడాది కాగానే వేరే వార్డుకు మార్చే పద్ధతి మన ఆసుపత్రులలో పాతదే. ప్రైవేటు నర్సుల దుస్థితి మరీ దారుణం. వారి వేతనాలపై 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించగా కేంద్రం ఒక కమిటీని నియమించింది. యాభై మంచాలకు లోపు ఉన్న ఆసుపత్రులలో సైతం నెలకు కనీసం ఇరవై వేల రూపాయలు ఇవ్వాలని, రెండు వందల మంచాలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. నర్సుల ఉద్యమాల ఒత్తిడితో కేరళ 2018లో కనీస వేతనాన్ని నోటిఫై చేసింది. ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోనిదన్న సాకుతో కేంద్రం మిగతా రాష్ట్రాలకు సిఫారసు ప్రతులు పంపి ఊరుకున్నది. రాజధానిలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నర్సులే 2020 డిసెంబరులో, కోవిడ్ ఉధృతి మధ్య, వేతనాల కోసమూ కాంట్రాక్టు నియామకాలకు వ్యతిరేకంగానూ సమ్మెకు దిగవలసి వచ్చింది. మర్నాడే ఢిల్లీ హైకోర్టు సమ్మెను నిలుపుచేసింది. ఆ ఏడాది వసంతంలో దేశమంతా పళ్లాలు మోగించి ప్రశంసించినది ఇటువంటి వారినే. చప్పట్లతో ఇల్లు గడవదు.

మన నర్సులు గల్ఫ్ దేశాలకూ, బ్రిటన్‌కూ, ఇతర పాశ్చాత్య దేశాలకూ వేల సంఖ్యలో వలసపోతున్నారు. అక్కడ వారి నైపుణ్యానికి ఆదరణ ఉన్నది. ఆ నైపుణ్యాన్ని మన గడ్డ మీద నిలుపుకోలేకపోవడానికి ప్రధాన కారణం డబ్బు లేకపోవడం కాదు. మందులకూ, యంత్రాలకూ, కొత్త మెడికల్ కాలేజీలకూ నిధులు దొరుకుతూనే ఉన్నవి. యంత్రానికి ప్రారంభోత్సవం చేయవచ్చును, శిలాఫలకం వేయవచ్చును. పురిటి మంచం పక్కన రాత్రంతా మేలుకున్న నర్సుకు శిలాఫలకం ఉండదు. ఎన్నికల సభలో ఆమెను చూపించి ఓట్లడిగే వీలు లేదు.

కనుక పార్లమెంటులో ఆరోగ్యశాఖ పద్దులు చర్చకు వచ్చినప్పుడు మన తెలుగు సభ్యులు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. మిడ్‌వైఫరీ శిక్షణ ముగించిన ప్రతి నర్సుకూ ఆ పనిలోనే కొనసాగే ప్రత్యేక పదవిని ఏ రాష్ట్రం ఎప్పటిలోగా సృష్టిస్తుంది? సిజేరియన్ల లెక్క అడిగినట్టే, ఆపరేషన్ గాయాలు చీము పట్టిన లెక్కను ప్రతి ఆసుపత్రీ ప్రకటించేలా చేస్తారా? కాన్పు గదిలో ఒక నర్సు ఒకేసారి ఎంతమంది తల్లులను చూడవచ్చునో పరిమితి విధించి, మీరినవారిని శిక్షిస్తారా? సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన రెండు ఆదేశాలు, శిబిరాల రద్దు, నర్సుల వేతనం, ఎంతవరకు అమలైనవో సభ ముందుంచుతారా? ఇవి ఖజానాను దివాలా తీయించే కోరికలు కావు. జవాబులు రాబట్టడానికి పక్షభేదాలు అడ్డురానక్కర లేదు.

తల్లిని ఆసుపత్రికి రప్పించడం రాజ్యం చేసిన వాగ్దానంలో మొదటి సగం. ఆ సగాన్ని నిలబెట్టుకున్నందుకు ప్రభుత్వాలకు దక్కవలసిన ఘనత దక్కింది. రెండవ సగం, ఆమె పక్కన చేయి తిరిగిన మనిషిని నిలబెట్టడం, ఇంకా బాకీ ఉన్నది. ఆ బాకీని ఇన్నేళ్లుగా తల్లులు తమ నెత్తురుతోనూ, నర్సులు తమ నిద్రతోనూ తీరుస్తూ వచ్చారు. ఇకనైనా రాజ్యం తన పద్దులో రాసుకోవాలి.